గోరు దిగితేనే మా చుక్కికి

విజయనగరం తోటపాలెంలో నేను బట్టలు కుడతాను. మా చుక్కి మిషను కింద పడుకుంటుంది. మూడేళ్ల కిందట వర్షాల్లో పెద్దచెరువు గట్టు మీద దొరికిన ఊరకుక్క పిల్ల అది. నుదుటి మీద తెల్లచుక్క ఉందని ఆ పేరు పెట్టాం. దానికి నాలుగో నెల దాటాక ఒకరోజు ఎంత తొక్కినా మిషను చక్రం తిరగలేదు. వంగి చూస్తే తోలు బెల్టు రెండు ముక్కలై ఉంది, ఒక ముక్క దాని నోట్లోనే ఉంది. ఆ సాయంత్రం కత్తిరింపు గుడ్డలు ఊడుస్తుంటే బియ్యపు గింజంత తెల్లటిదేదో చీపురుకి తగిలింది. చేతిలోకి తీసుకుని చూస్తే చుక్కి పాలపన్ను. దాని మొదలు దగ్గర కాస్త నెత్తురు మరక ఉంది.

కుక్కపిల్లకి 28 పాలపళ్లు ఉంటాయి. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా అవి రాలుతూ, వాటి చోట గట్టి పళ్లు వస్తాయి. అన్నీ వచ్చాక లెక్క 42. ఆ వయసులో చిగుళ్లు సలుపుతాయి, ఏది దొరికితే అది కొరుకుతుంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి. ఆ రోజు తోచింది ఒక్కటే, దాని నోటికి ఏదో ఒకటి ఇవ్వాలి. అలా మొదలై ఈ మూడేళ్లలో ఏమేం కొన్నానో, ఏది ఉంచానో, ఏది పారేశానో రాస్తున్నాను. ఎవరింట్లోనైనా ఒక కుక్కకి పనికొస్తే చాలు.

మొదట కొన్నది తెల్లగా, రెండు చివర్లా ముడి వేసి ఉండే తోలు బొమిక. "ఇదే అందరూ తీసుకెళ్తారు మేడమ్, పళ్లు కూడా శుభ్రమవుతాయి" అన్నాడు షాపతను. 180 రూపాయలకి రెండు ఇచ్చాడు. రెండు రోజులు ఇల్లంతా ప్రశాంతంగా ఉంది. మూడోరోజు నేను జాకెట్టుకి చేతులు అతుకుతున్నాను. కింద నుంచి గొంతు బిగిసినట్టు ఒక చప్పుడు వచ్చింది. చూస్తే చుక్కి మెడ చాచి, ముందు కాళ్లతో మూతి గీరుకుంటోంది. నానిపోయిన ముడి విడిపోయి, ముక్క మొత్తంగా గొంతులోకి పోయింది. వేళ్లు పెట్టి పట్టుకోబోయాను, సబ్బుముక్కలా జారి లోపలికి దిగిపోయింది.

రాత్రంతా పసుపుపచ్చ నురగ కక్కింది. మర్నాడు అన్నం ముట్టలేదు, నీళ్లు తాగినా నిలవలేదు. డాక్టరు గారు పొట్ట నొక్కి చూశారు, ఎక్స్‌రే తీశారు. "తోలు ముక్క ఎముకలాగ ఫిలింలో స్పష్టంగా కనబడదమ్మా" అన్నారు. సెలైన్ పెట్టి, రేపటికి బయటికి రాకపోతే ఆపరేషన్ గురించి ఆలోచిద్దాం అన్నారు. ఆ రాత్రి పడిన టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు. తెల్లవారుజామున నాలుగింటికి అదే కక్కేసింది. బూడిదరంగులో, జిగటగా, పైత్యం వాసనతో ఉంది. కడిగి టేపు పెట్టి కొలిచాను. మూడున్నర అంగుళాలు.

రెండో బొమిక ఇంకా సంచిలోనే ఉంది. దాన్ని ఒక స్టీలు గిన్నెలో నీళ్లు పోసి రాత్రంతా ఉంచాను. పొద్దునకి ఉబ్బి, మెత్తగా, తెల్లటి రబ్బరులా తయారైంది. లాగితే సాగుతోంది గాని తెగట్లేదు. కత్తెర పెడితే జారిపోయింది. కడుపులో ఏం జరిగిందో నాకు అప్పుడు కళ్లకి కట్టింది. ఇది నిజానికి బొమిక కాదు, ఆవు లేదా గేదె చర్మంలో లోపలి పొర. పై పొర చెప్పులకీ సంచులకీ పోతుంది. సున్నం, సోడియం సల్ఫైడ్ లాంటివి వేసి వెంట్రుకలు ఊడదీస్తారు. తెల్లగా కనబడాలని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కడిగేవాళ్లూ ఉన్నారు. నా మిషను బెల్టు కూడా తోలే. బెల్టు తిననివ్వకూడదని, దాని బదులు మరో రకం తోలు కొని పెట్టానన్నమాట. ఆ రంగురంగుల సన్నటి పుల్లలు కట్టలు కట్టి అమ్ముతారే, వాటిలోనూ చాలావరకు ఈ తోలే ఉంటుంది. ప్యాకెట్ వెనక చదివితే తెలుస్తుంది.

డాక్టరు గారు ఆ రోజు చెప్పిన మాట నేను ఇప్పటికీ దాటలేదు. "మీరు కుట్టు మడత మీద బొటనవేలి గోరుతో గీస్తారు కదా, కుక్క నమలడానికి ఏది కొన్నా, ముందు దాని మీద కూడా అలాగే గీయండి. గోరు దిగిన గుర్తు పడితే కొనండి, పడకపోతే అక్కడే పెట్టేయండి." ఎందుకో కూడా వివరించారు. కుక్క గట్టిదాన్ని నమిలేది ముందుపళ్లతో కాదు. వెనక పైన ఒక పెద్ద పన్ను, కింద ఒక పెద్ద పన్ను, రెండూ కత్తెర రెక్కల్లా ఒకదాని పక్కనుంచి ఒకటి జారుతూ కోస్తాయి. మధ్యలో రాయిలాంటిది పడితే పైపన్ను పక్కనుంచి పెచ్చు ఊడొస్తుంది. లోపల నరం బయటపడుతుంది, చీము పట్టి కంటి కింద వాపు వస్తుంది. మా వెనకింటి లాబ్రడార్‌కి సరిగ్గా ఇదే జరిగింది. గేదె కొమ్ము ముక్క ఇచ్చేవారు. బుగ్గ వాచింది, పురుగు కుట్టిందేమో అనుకున్నారు. చివరికి పన్ను తీయించాల్సి వచ్చింది. కొమ్ములు, గిట్టలు, ఎండబెట్టిన లావు ఎముకలు, వీటన్నిటినీ నేను ఆ ఒక్క గోటి లెక్కతో పక్కన పెట్టేశాను.

ఇక అందరూ గొప్పగా చెప్పే చుర్పీ, అంటే పాలవిరుగుడుని ఎండబెట్టిన గట్టి కడ్డీ. నేను ఎక్కువ రోజులు వాడింది ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. నేపాల్, సిక్కిం కొండల్లో జడలబర్రె పాలు, ఆవు పాలు కాచి వెన్న తీసేసి, విరగ్గొట్టి, గుడ్డలో మూటకట్టి నీరంతా పిండేస్తారు. బరువు పెట్టి నొక్కి, కడ్డీల్లా కోసి, వారాల తరబడి ఆరబెడతారు. కొందరు పొగ కూడా పట్టిస్తారు. అక్కడి మనుషులు గంటలకొద్దీ బుగ్గన పెట్టుకుని నమిలే తిండి ఇది. దినుసులు చూస్తే పాలు, ఉప్పు, నిమ్మరసం, అంతే. వాసన లేదు, చేతికి జిడ్డు లేదు, కుట్టే బట్టల మీద మరక పడదు. ఈ చివరిది నాకు చాలా ముఖ్యం. మధ్య సైజు కడ్డీలు రెండు ఉన్న ప్యాకెట్ నాకు 300 పైచిలుకు పడింది. ఒక్కో కడ్డీ పది పన్నెండు రోజులు వచ్చింది.

ఇంత బాగున్నా ఒక లోటు ఉంది. గోరు దిగదు. నేను గట్టిగా గీస్తే గోరే అరిగింది. గోడకి కొడితే టక్కుమని మోగింది. ఖరీదైనదని, సహజమైనదని, నేను పెట్టుకున్న లెక్క మార్చుకోలేను కదా. అందుకని కడ్డీని ఇప్పుడు నేరుగా ఇవ్వను. రాత్రి నీళ్లలో నానేస్తే పై అంచు మెత్తబడుతుంది, అరగంట నమలనిచ్చి తీసేస్తాను. దీనికంటే మంచిది పొంగించిన రకం. అదే చుర్పీని వేడితో పొంగించి ముక్కలుగా అమ్ముతారు, కరకరలాడుతుంది, గోటితో నొక్కితే చితుకుతుంది. ఇంట్లోనూ చేసుకోవచ్చు. కడ్డీ అరిగి అరిగి బొటనవేలంత మిగిలినప్పుడు కుక్క దాన్ని మింగేస్తుంది, అసలు ప్రమాదం అక్కడే. ఆ ముక్కని కాసేపు నానబెట్టి మైక్రోవేవ్‌లో ముప్పై నలభై సెకన్లు పెడితే గుమ్మడి వడియంలా పొంగుతుంది. మా ఇంట్లో మైక్రోవేవ్ లేదు, పక్కింటి వదిన గారింట్లో పెట్టించుకుని వస్తాను. బాగా చల్లారాకే ఇవ్వాలి, లోపలి వేడి పైకి తెలియదు. ముసలి కుక్కకీ, పాలపళ్ల పిల్లకీ మాత్రం గట్టి కడ్డీ అసలు వద్దు.

చుక్కి బరువు 17 కిలోలు. రోజుకి దాదాపు 900 కేలరీలు కావాలన్నారు డాక్టరు గారు. చిరుతిండి అందులో పదో వంతు దాటకూడదు, అంటే 90. చుర్పీ గ్రాముకి మూడు కేలరీల పైమాటే. నమిలేదే కదా అని రోజంతా వదిలేస్తే ఆ పూట అన్నం తగ్గించాల్సి వస్తుంది.

చికెన్ ముక్కలని ఎండబెట్టి అమ్మే ప్యాకెట్ల జోలికి వెళ్లలేదు. ఆ రకం తిని కుక్కలు జబ్బు పడుతున్నాయని అమెరికాలో తిండి, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏకి 2007 నుంచి ఫిర్యాదులు వచ్చాయి, ఎక్కువగా చైనా సరుకు మీద. 2015 చివరికి చనిపోయాయని చెప్పినవే 1,100 దాటాయి. ఏళ్ల తరబడి పరీక్షలు చేసినా కారణం ఇదీ అని తేలలేదు. ఎద్దు పురుషాంగాన్ని ఎండబెట్టి చేసే బుల్లీ స్టిక్స్ కూడా కొనలేదు. 2013లో అమెరికా, కెనడా పరిశోధకులు లెక్కకడితే అంగుళానికి 9 నుంచి 22 కేలరీలు ఉన్నాయట, కొన్నింటిలో రోగకారక బ్యాక్టీరియా కూడా దొరికిందట. పిల్లలు నేల మీద ఆడుకునే ఇల్లు మాది.

నాకు బాగా నచ్చిన వస్తువు తిండి కాదు, కాంగ్ అనే ఎర్ర రబ్బరు బొమ్మ. 1970ల్లో అమెరికాలో జో మార్కమ్ అనే ఆయన కుక్క ఫ్రిట్జ్ రాళ్లు కొరికి పళ్లు అరగదీసుకునేదట. ఆయన ఫోక్స్‌వాగన్ వ్యాను బాగు చేస్తుంటే అది ఒక రబ్బరు భాగం ఎత్తుకుపోయి నమలడం మొదలుపెట్టింది, అందులోంచి ఈ బొమ్మ పుట్టింది. చదివినప్పుడు నాకు మా బెల్టు గుర్తొచ్చింది. బొమ్మ లోపల గుల్లగా ఉంటుంది. నేను ఉప్పు వేయని పెరుగన్నం, ఉడికించిన క్యారెట్ కూరి ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తాను. ఎండాకాలం మధ్యాహ్నం అరగంట పైనే నాకుతూ కూర్చుంటుంది. ధర ఎక్కువ, కాని రెండేళ్లయినా చిరగలేదు. పీనట్ బటర్ పూసేవాళ్లు మాత్రం సీసా మీద జైలిటాల్ (పంచదార బదులు తీపికి వేసేది) అని ఉందేమో చూడాలి, అది కుక్కలకి విషం.

కొన్నవాటితో కన్నా పండగలతో నాకు ఇబ్బంది ఎక్కువ. కనుమ రోజు మా వీధిలో ఏ ఇంట్లో చూసినా మాంసం ఉడుకుతుంది. ఎదురింటి మామ్మ గారు ప్రేమగా గిన్నె నిండా బొమికలు తెస్తారు. మొదటి ఏడాది వద్దన్నానని నొచ్చుకున్నారు. "ఏటమ్మా, కుక్కకి బొమిక పెట్టనంటావేటి? అన్ని కుక్కలూ తినట్లేదేటి?" అన్నారు. ఉడికిన కోడి ఎముకని ఆవిడ ముందే విరిచి చూపించాను. సూదిమొనలా చీలింది. వేలికి గుచ్చుకుంటుందేమో పట్టుకుని చూడమన్నాను. ఉడికితే ఎముక పెళుసుబారి ఇలాగే చీలుతుందని, మసాలాలో ఉల్లి, వెల్లుల్లి కుక్క నెత్తురుని పాడుచేస్తాయని చెప్పాను. అప్పటి నుంచి ఆవిడ వండకముందే ఉప్పు కారం లేకుండా రెండు మెత్తటి ముక్కలు విడిగా ఉడికించి తెస్తున్నారు. కొబ్బరి పీచు, తేగల పీచు కూడా నేను అందనివ్వను, పీచు పేగుల్లో ఉండలు కడుతుంది.

ఎండలు బాగా ఉన్నప్పుడు చిలగడదుంపలు కొని అర అంగుళం మందాన కోస్తాను. ఆవిరి మీద సగం ఉడికించి, మేడ మీద పాత చీర పరిచి, పైన దోమతెర గుడ్డ కప్పి ఎండేస్తాను. మూడోరోజుకి వంచితే విరగకుండా వంగుతుంది, గోరు దిగుతుంది. వానల్లో చేయను, బూజు పడుతుంది. చుక్కి ఒక ముక్కని ముందు కాళ్ల మధ్య పెట్టుకుని మిషను పెడలు పక్కనే పడుకుంటుంది. చివరి ముక్క దగ్గరికి వచ్చేసరికి నేను క్యారెట్ చూపిస్తాను. ఒక్క క్షణం ఆలోచించి, తడిసిన ఆ ముక్కని నా అరచేతిలో పెడుతుంది.