పాల చాక్లెట్టా, పాలు లేనిదా, ముద్ర లేనిదా? ఇజ్రాయెల్ మార్కెట్‌కు ఏది మేలు?

యూరప్‌లో తయారైన, లోపల ఫిల్లింగ్ ఉన్న చాక్లెట్లను ఇజ్రాయెల్‌కు దిగుమతి చేసుకోవాలనుకునే చిన్న వ్యాపారి ముందు మూడు దారులున్నాయి. కోషర్ ముద్ర, అంటే యూదుల ఆహార నియమాలకు సరిపడినదని తెలిపే ముద్ర, లేని సరుకు తెచ్చుకోవడం ఒకటి, కోషర్ ఆమోదం పొందిన పాల చాక్లెట్లు రెండవది, పాలూ మాంసమూ కలవని, అక్కడివారు ‘పార్వె’ అని పిలిచే ముదురు చాక్లెట్లు మూడవది. రుచి, ధర చూసి మాత్రమే ఎంచుకునే సరుకు కాదిది. ఆ పెట్టె ఎవరి ఇంటికి, ఏ భోజనం తరువాత, ఏ పండుగకు వెళ్తుందో ముందే ఆలోచించుకోవాలి.

ముద్ర లేని సరుకు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. దాన్ని తేవడం నేరం కాదు. కోషర్ అని చెప్పుకుంటేనే నేరం. 1983 నాటి కోషర్ మోసాల నిషేధ చట్టం ప్రకారం దిగుమతి ఆహారాన్ని కోషర్ అని రాసి అమ్మాలంటే ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల (యూదు మతగురువుల) కార్యాలయం ఆమోదం ఉండాలి. కోషర్ పత్రం ఉన్న సూపర్‌మార్కెట్లు ముద్ర లేని పెట్టెను అరలో పెట్టవు కాబట్టి, కోషర్ పట్టింపు లేని టివ్ తామ్ వంటి దుకాణాలే దిక్కవుతాయి. అంతకన్నా పెద్ద నష్టం కానుకల విషయంలో కలుగుతుంది. యూదుల పూరీం పండుగ నాడు ఒకరింటికి ఒకరు తినుబండారాలు పంపుకుంటారు. పంపేవారికి తమ ఇంట్లో కోషర్ పట్టింపు లేకపోయినా, అందుకునేవారికి ఉండవచ్చునని ముద్ర ఉన్న పెట్టెనే కొంటారు. కానుక చాక్లెట్ ఎప్పుడూ తినబోయేవారిలో అందరికన్నా నిష్ఠగా ఉండే మనిషిని దృష్టిలో పెట్టుకునే అమ్ముడవుతుంది.

మన దేశంలో ఆకుపచ్చ చుక్క చూసి కొనడం అలవాటైనవారికి, శాకాహారమైతే కోషర్ అయిపోతుందనే భ్రమ సహజం. చెర్రీ, బ్రాందీ నింపిన ఒక చాక్లెట్ పెట్టెను తిప్పి వెనుక అక్షరాలు చదివి చూడండి. ద్రాక్ష నుంచి తీసిన బ్రాందీ శాకాహారమే, కానీ ద్రాక్షరసం పిండడం మొదలుకొని యూదుల చేతుల మీదుగా జరగకపోతే అది కోషర్ కాదు. ఎరుపు కోసం ఈ120 అని రాసి ఉంటే అది పురుగుల నుంచి తీసిన రంగు, కనుక రెండు లెక్కల్లోనూ పనికిరాదు. ఈ471 అనే ఎమల్సిఫైయర్ (కొవ్వునూ నీటినీ కలిపి ఉంచేది) నూనె నుంచీ రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు. జున్ను తయారీలో మిగిలే పాలవిరుగుడు పొడి అయితే, ఆ పాలను ఏ రెన్నెట్‌తో (జంతువుల కడుపు నుంచి కూడా తీసే, పాలను విరిచే పదార్థం) విరిచారన్నది ప్రశ్న. అందుకే సాదా చాక్లెట్ బిళ్ల కన్నా ఫిల్లింగ్ ఉన్న చాక్లెట్‌తో చిక్కులు ఎక్కువ: పైపెంకు శుద్ధంగా ఉన్నా, లోపలిదాన్ని బట్టే తీర్పు ఉంటుంది.

పాల చాక్లెట్ల బలం వైవిధ్యం. యూరప్ కర్మాగారాలు చేసే ప్రలీన్‌లలో (ఫిల్లింగ్ చాక్లెట్లలో) ఎక్కువ భాగం పాలతోనే చేస్తారు కనుక ఎంపికకు లోటుండదు. అయితే పాలు పితికేటప్పుడు యూదుల పర్యవేక్షణ ఉండాలని నిష్ఠాపరులు కోరుతారు. పాలపొడి విషయంలో సడలింపు ఇచ్చిన రబ్బీలు ఉన్నారు; ప్రధాన రబ్బీల కార్యాలయం కూడా అలాంటి సరుకును, ‘యూదేతరుల పాలపొడి తినేవారికి’ అన్న మాట పెట్టె మీద రాయించి అనుమతిస్తుంది. ఆ ఒక్క వాక్యంతో అతి నిష్ఠాపరులైన హరేదీ కుటుంబాలు దూరమవుతాయి. ఇంకొక అడ్డంకి వంటింటిది. ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షణ పనిలో ఉన్న మన తెలుగువారిని అడిగితే, పాల గిన్నెలు వేరు, మాంసం గిన్నెలు వేరు అన్నది తొలిరోజుల్లోనే నేర్చుకున్న పాఠమని చెబుతారు. మాంసం తిన్నాక పాల పదార్థం ముట్టడానికి చాలామంది ఆరు గంటలు ఆగుతారు. శుక్రవారం రాత్రి సబ్బత్ (వారపు విశ్రాంతి దినం) భోజనంలో సాధారణంగా మాంసం ఉంటుంది కనుక, అతిథి తెచ్చిన పాల చాక్లెట్ పెట్టె ఆ పూట విప్పకుండానే ఉండిపోతుంది.

పార్వె చాక్లెట్‌కు ఈ రెండు ఇబ్బందులూ లేవు. అందుకే తొలి కంటైనర్‌కు నా ఓటు దానికే, ఒక్క షరతు మీద. ఆ షరతు యంత్రాలకు సంబంధించినది. పాల చాక్లెట్ నడిచిన ఉత్పత్తి లైన్‌ను కోషర్ పద్ధతిలో శుద్ధి చేయాలంటే మామూలుగా మరిగే నీరు వాడాలి. కానీ చాక్లెట్‌కు నీరు శత్రువు, గొట్టాల్లో నాలుగు చుక్కలు మిగిలినా కరిగిన చాక్లెట్ ముద్దకట్టి బిగుసుకుపోతుంది. కొన్నిచోట్ల వేడి కోకో వెన్నతో ఆ పని చేస్తారు గానీ, అది ఖర్చుతో కూడినది, రబ్బీలందరూ ఒప్పుకునేదీ కాదు. కాబట్టి పాలు ఎన్నడూ నడవని లైన్ ఉన్న కర్మాగారాన్నే వెతుక్కోవాలి. అయినా సరే, పాలు పడని పిల్లలకు ఇది క్షేమమని పార్వె ముద్రను చూపి ఎన్నడూ అమ్మకూడదు. పార్వె అన్నది మతనియమం, అలెర్జీ పరీక్ష కాదు. ఆ తేడా మరిస్తే ఒక బిడ్డ ప్రాణం మీదికి రావచ్చు.

ఫిల్లింగ్‌గా నేనైతే హేజల్‌నట్ ముద్ద, మార్జిపాన్ (బాదం, చక్కెరల ముద్ద) ఎంచుకుంటాను గానీ వేఫర్ జోలికి పోను. వేఫర్‌లో గోధుమ ఉంటుంది. పులిసిన ధాన్యాలను తినని యూదుల పెసహ్ పండుగ రోజుల్లో అలాంటి గోధుమ సరుకు నిషిద్ధం. అలాంటి సరుకును ఆ రోజుల్లో అమ్మకానికి బహిరంగంగా ప్రదర్శించరాదని 1986 నాటి చట్టం కూడా ఉంది కనుక, దుకాణాలు ఆ అరలను కప్పేస్తాయి. అలాగని వేఫర్ లేనంత మాత్రాన పెసహ్ సరుకు అయిపోదు. దానికి వేరే ముద్ర కావాలి, సోయా లెసిథిన్ ఉంటే, పెసహ్‌లో పప్పుజాతి గింజలకూ దూరంగా ఉండే అష్కెనజీలు (యూరప్ మూలాల యూదులు) అప్పుడూ సందేహిస్తారు. గింజల ముద్దకు ఉన్న లోపం దాని నూనె. వేడికి అది మెల్లగా పైపెంకులోకి ఎక్కి తెల్లని పొర కడుతుంది. అష్దోద్ రేవులో వేసవి ఎండకు కంటైనర్ నిలిచిపోతే సరుకంతా పాడవుతుంది. 15 నుంచి 18 డిగ్రీల శీతల కంటైనర్ ఖర్చు మొదటే లెక్కలో వేసుకోవాలి.

చక్కెర, సంతృప్త కొవ్వులు ఎక్కువగా ఉన్నాయని హెచ్చరించే, 2020 నుంచి తప్పనిసరైన ఎర్ర గుర్తులు మూడు రకాలకూ పడతాయి కాబట్టి అవి ఎంపికను మార్చవు. బయానా చెల్లించే ముందే పదార్థాల జాబితాను, కర్మాగారానికి ఉన్న కోషర్ పత్రాన్ని ప్రధాన రబ్బీల కార్యాలయపు దిగుమతి విభాగానికి పంపి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవాలి. పాలు నడవని లైన్ దొరకకపోతే ఆమోదం ఉన్న పాల చాక్లెట్లతో మొదలుపెట్టడం మేలు. ముద్ర లేని సరుకు చవకగా వస్తోందని మాత్రం అటు మొగ్గవద్దు.