కృపావరం తెలిసేది ప్రశ్నాపత్రంతోనా, ప్రార్థన కూటంలోనా, సంఘపు పనిలోనా: ఏది మేలు?

వరం అంటే ఏమిటో తిరుపతిలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. తపస్సుకో మొక్కుకో మెచ్చి దేవుడిచ్చేది వరమని ఇక్కడి వాడుక. మన బైబిలు అనువాదకులు ఆ మాటకు ముందు "కృప"ను చేర్చి, సంఘ సేవ కోసం విశ్వాసికి దేవుడిచ్చే సామర్థ్యాన్ని "కృపావరము" అన్నందువల్ల, ఖారిస్ అనే గ్రీకు మాట నుండి పుట్టిన ఖారిస్మాలోని భావం, అంటే అర్హత చూడకుండా ఉచితంగా దొరికినది అన్న భావం, తెలుగులోనూ నిలిచింది. ఇచ్చేవాడు దేవుడే అయినా, తనకు దక్కినదేదో విశ్వాసి గుర్తుపట్టడం, దాన్ని వృద్ధి చేసుకోవడం ఎలాగన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది. మా ప్రాంతపు సంఘాలలో ఇందుకు మూడు దారులు కనిపిస్తాయి.

మొదటిది ప్రశ్నాపత్రం. 1970లలో అమెరికా సంఘాలలో వాడుకకు వచ్చిన ఈ పద్ధతి ఇప్పుడు యౌవనస్థుల సదస్సులలో తెలుగు జిరాక్సు కాగితాలుగా చేతికి అందుతోంది. వరుసగా ఉన్న వాక్యాలకు మార్కులు వేసుకుని కూడితే, ఎక్కువ మార్కులు వచ్చినదే మన వరమని తేలుతుంది. దీనిలో మేలు లేకపోలేదు. పాట, ప్రసంగం, స్వస్థత ప్రార్థన తప్ప వేరే వరాలు లేవనుకునేవారు రోమా 12:6-8లోని ఏడింటిని చదివి, పంచిపెట్టుట, పైవిచారణ చేయుట, కరుణించుట కూడా వాటిలో ఉన్నాయని మొదటిసారి గమనిస్తారు. అయితే కాగితం అడిగేది మన ఇష్టాన్ని, మన అలవాటును. మన వల్ల ఇతరులకు కలిగిన మేలును అది అడగలేదు. మా సంఘంలో ఒక అక్క "అతిథులను ఇంట చేర్చుకోవడం" అన్న వాక్యానికి అతి తక్కువ మార్కు వేసుకున్నారు, ఎందుకంటే ఆమెది ఒకే గది ఇల్లు. రుయా ఆసుపత్రిలో రోగికి తోడుగా దూరపు మండలాల నుండి వచ్చి వరండాలో పడుకునే వారికి ఏళ్ల తరబడి పెరుగన్నం క్యారియర్ మోసుకెళ్లేది ఆమే. కాగితం లెక్క ప్రకారం ఆమెకు ఆతిథ్యం చేసే గుణం లేదు!

రెండవది ఉపవాస కూటాలలో చేతులుంచి ప్రార్థించగా వరాన్ని పొందాలని ఆశించడం. దీనికి వాక్యాధారం ఉంది. పౌలు తాను చేతులుంచడం (హస్తనిక్షేపణం) వలన తన శిష్యుడు తిమోతికి కలిగిన వరాన్ని 2 తిమోతి 1:6లో గుర్తు చేస్తాడు. కానీ ఆ వచనమే దాన్ని ప్రజ్వలింపజేయమని కూడా చెబుతుంది, అంటే నివురు గప్పిన నిప్పును ఎగదోసే పని తిమోతిదే. కూటం ముగిసి బస్సెక్కినవాడిని మరుసటి వారం ఎవరూ విచారించకపోతే ఆ నిప్పు ఏమైందో తెలియదు. పైగా ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాట్లాడితే తక్కినవారు వివేచింపవలెనని 1 కొరింథీ 14:29 చెబుతుండగా, వేలమంది కూడిన మైదానంలో ఒకరినొకరు ఎరగనివారు వివేచించేదెలా?

మూడవది, నా దృష్టిలో మేలైనది, స్థానిక సంఘంలో చేతికందిన చిన్న పనితో మొదలుపెట్టి, చుట్టూ ఉన్నవారు దానిలో ఏమి చూస్తున్నారో వినడం. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో ఫిలిప్పును ఎన్నుకున్నది విధవరాండ్రకు రోజూ ఆహారం వడ్డించే పరిచర్య కోసం. 8వ అధ్యాయానికి అతడు సమరయలో క్రీస్తును ప్రకటిస్తున్నాడు. 21:8లో అతని పేరే "సువార్తికుడైన ఫిలిప్పు". వడ్డన పనికి ఒప్పుకున్ననాడు తనకు సువార్త ప్రకటించే వరం ఉందని అతనికి తెలుసునని గ్రంథం ఎక్కడా అనదు. యోసేపు అనే లేవీయునికి "హెచ్చరిక పుత్రుడు" (అంటే ప్రోత్సహించి ఆదరించేవాడు) అని అర్థమిచ్చే బర్నబా అన్న పేరు పెట్టినవారూ అపొస్తలులే. వరం సొంతదారుని కంటే ముందు పక్కవారికి కనబడుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఈ దారిలోనూ చిక్కులున్నాయి, అవి చిన్నవి కావు. కీబోర్డు వాయించగలిగిన కుర్రవాడిని పదేళ్లయినా ఆ బల్ల దగ్గర నుండి లేవనివ్వరు. పెద్దల ఇంటి పిల్లలకు వేదిక దొరికినంత సులువుగా కూలి పనికి వెళ్లే వారి పిల్లలకు దొరకదు. స్త్రీలంటే చాపలు పరచడం, ప్రేమవిందుకు (సంఘమంతా కలిసి చేసే భోజనానికి) వంట, అంతే. వాక్చాతుర్యం గల బోధకుడు అపొల్లోకు దేవుని మార్గాన్ని మరి పూర్తిగా విశదపరచిన ఇద్దరిలో ప్రిస్కిల్ల ఒకరని అప్పుడు ఎవరికీ గుర్తు రాదు. ఇటువంటి సంఘానికి ప్రశ్నాపత్రం ఉపకరిస్తుంది, కానీ ఎవరి కాగితం వారే నింపుకోకుండా, ఒకరిని గూర్చి వారిని బాగా ఎరిగిన ముగ్గురు నింపి, ఆ తరువాత కూర్చుని మాట్లాడుకుంటేనే.

గుర్తించిన దాన్ని పెంచడంలో కూడా ఇదే తేడా కనిపిస్తుంది. చిత్తూరు వైపు తెలుగు, తమిళం రెండూ మాట్లాడే ఇళ్లు ఎన్నో. తమిళనాడు నుండి బోధకులు వస్తే వేదికపై తర్జుమా చేసేవారు కావాలి. నేనెరిగిన ఒక పెద్దాయన ఈ పనిని మొదట కేవలం భాష వచ్చు గనుక చేశారు. ఇది 1 కొరింథీ 12:10లో చెప్పిన భాషల అర్థము చెప్పు వరమని, అంటే నేర్చుకోని భాషలో ఆత్మ వలన పలికిన మాటలకు అర్థం చెప్పడమని, ఆయన ఎన్నడూ అనలేదు, అనకూడదు కూడా. అయితే ఆయన తర్జుమా విన్నవారు బోధకుని మాట కంటే ఆయన మాటే తమకు అర్థమైందని చెప్పగా, పెద్దలు ఆయనకు బుధవారపు బైబిలు పఠనం అప్పగించారు. ఇప్పుడు తర్జుమాకు ఆయన పక్కన డిగ్రీ చదివే ఒక అమ్మాయి నిలబడుతోంది; తప్పిన మాటను ఆయన మైకుకు దూరంగా, ఆమెకు మాత్రమే వినబడేలా అందిస్తారు.