అజర్, లక్ష్మణ్, స్టాట్స్‌గురు: వాడి చూశాక నా మాట

మా ఇంట్లో అజరుద్దీన్ గొప్పా, లక్ష్మణ్ గొప్పా అనే గొడవ ఏళ్ల తరబడి నడుస్తోంది. బాబాయ్ అజర్ పార్టీ, నేను లక్ష్మణ్ పార్టీ. ఇద్దరూ హైదరాబాదీలే, ఇద్దరిదీ మణికట్టు ఆటే, చివరికి టెస్టు యావరేజ్ కూడా పక్కపక్కనే: అజర్‌ది 45.03, లక్ష్మణ్‌ది 45.97. నేను ఇదివరకు వాడిన ఒక స్కోర్ల యాప్ ఈ ఒక్క అంకె చూపించి ఊరుకునేది, నేనూ దాన్నే పట్టుకుని "మావాడే ఎక్కువ బాబాయ్" అనేవాణ్ణి.

మొన్న సంక్రాంతికి ఇద్దరం కూర్చుని క్రికెట్ వెబ్‌సైట్ క్రిక్‌ఇన్ఫోలో ఆటగాళ్ల లెక్కలు వెతికి చూపించే స్టాట్స్‌గురు తెరిచాం. పైసా కట్టక్కర్లేదు. బాబాయ్ వేలు నేరుగా నాటౌట్ల గడి మీదికి పోయింది. లక్ష్మణ్ 225 ఇన్నింగ్స్‌లో 34 సార్లు నాటౌట్, అజర్ 147లో 9 సార్లే. యావరేజ్ అంటే పరుగుల్ని అవుటైన సార్లతో భాగించడమే కదా, ఆడిన ఇన్నింగ్స్‌తో కాదు. ఆయన కాలిక్యులేటర్ తీసి 6215ని 147తో, 8781ని 225తో భాగించాడు. 42.28, 39.03. "ఇప్పుడు చెప్పరా!" అన్నాడు. సెంచరీలు చూస్తే అజర్‌వి 22, అన్ని ఎక్కువ ఇన్నింగ్స్ ఆడిన లక్ష్మణ్‌వి 17. నాకు నోట మాట రాలేదు.

అలాగని నాటౌట్లను తీసిపారేయలేం. కింది వరుసలో దిగి టెయిలెండర్లను, అంటే చివర్లో దిగే బ్యాటింగ్ అంతగా రాని వాళ్లను, కాచుకుంటూ ఆడేవాడి నాటౌట్‌కి ఎంత విలువ ఉంటుందో 2010 మొహాలీ చూసినవాళ్లకి తెలుసు, నడుం నొప్పితోనే లక్ష్మణ్ 73 నాటౌట్, ఆస్ట్రేలియా మీద ఒక్క వికెట్ తేడాతో గెలిచాం. అప్పుడు నేను స్వదేశం, విదేశం అని విడదీసి చూపించాను: అజర్ ఇక్కడ 50 దాటి, బయట 40 లోపు. లక్ష్మణ్ బయట కూడా 40 పైనే.

స్టాట్స్‌గురు మీద నాకు ఇష్టం ఇందుకే, ఒక్క అంకెను ప్రత్యర్థి, దేశం, ఏడాది, బ్యాటింగ్ స్థానం, గెలిచిన మ్యాచ్, ఓడిన మ్యాచ్ అని ఎన్ని ముక్కలుగానైనా విప్పి చూడొచ్చు. కొత్తగా వాడేవాళ్లు మాత్రం ఫిల్టర్లన్నీ ఒకేసారి నొక్కొద్దు, చివరికి నాలుగైదు ఇన్నింగ్స్ మిగులుతాయి, వాటితో ఎవరినైనా యావరేజ్‌లో అందరికన్నా పైనున్న బ్రాడ్‌మన్‌ని చేసేయొచ్చు. పాత మ్యాచుల్లో చాలావాటికి ఎదుర్కొన్న బంతుల లెక్కే రాసిపెట్టలేదు కాబట్టి ఆనాటి వాళ్లతో స్ట్రైక్ రేట్ (వంద బంతులకి ఎన్ని పరుగులు) పోటీ పెట్టకండి. పిచ్ ఎలా తిరిగిందో, ఎన్ని క్యాచులు జారాయో ఏ పట్టికా చెప్పదు, దానికి మ్యాచ్ రిపోర్ట్ చదవాల్సిందే.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇన్నింగ్స్ వారీ జాబితా. అజర్‌ది తెరిస్తే మొదటి అయిదు వరుసలు ఇవీ: 110, 48, 105, 122, 54 నాటౌట్. చిట్టచివరి వరుస 102. బాబాయ్ కళ్లజోడు సర్దుకుని ఆ పేజీ మొత్తం పైనుంచి కిందికి చదివాడు, మధ్యలో కాఫీ చల్లారిపోయింది. ఉగాదికి ఇద్దరి నాలుగో ఇన్నింగ్స్ లెక్కలు తీద్దామని అప్పుడే ఒప్పందం కుదుర్చుకున్నాం.