సోయా రైతులూ జాగ్రత్త: డబ్బా కొత్తది, లోపల దెబ్బ పాతదే

కలుపు మందు కొనేముందు పెద్ద అక్షరాల పేరు వదిలేసి, కింద చిన్నగా రాసిన టెక్నికల్ పేరు (లోపలున్న అసలు రసాయనం పేరు) చదవండి. నేను చదవలేదు. ఈ పంటకాలం దానికే బలైంది.

మూడేళ్ళు వరుసగా ఇమాజెథాపిర్ కొట్టాను. మొదటి ఏడాది చేను అద్దంలా ఉండేది. మూడో ఏడు తోటకూర జాతి కలుపు అక్కడక్కడా మిగిలింది. ఈసారి మందు మార్చమని అడిగితే, "ఇది వేరే కెమికల్, దీనికి లొంగుతుంది" అని అమ్మే అతను ఇంకో డబ్బా చేతిలో పెట్టాడు. అందులో ఉన్నది క్లోరిమ్యూరాన్ ఇథైల్.

అవి వేరే కెమికల్స్ అన్నమాట నిజమే. కానీ రెండూ మొక్కలో దెబ్బకొట్టేది ఒక్కచోటే, మొక్క పెరగడానికి కావాల్సిన ఏఎల్ఎస్ అనే ఎంజైమ్ మీద. ఆ ఎంజైమ్ కాస్త మారిపోయిన కలుపుకి చాలాసార్లు రెండు మందులూ పనిచేయవు. రెండిటిదీ గ్రూప్ 2 (మందు మొక్కలో ఎక్కడ దెబ్బకొడుతుందో దాన్ని బట్టి ఇచ్చే నంబర్). ఈ గ్రూప్‌లో మొదటి మందు 1982లో వస్తే, 1987 కల్లా దానికి లొంగని కలుపు బయటపడింది. అంత తొందరగా తట్టుకునే శక్తి వస్తుంది.

కొట్టిన పన్నెండో రోజు సాళ్ళలో కూర్చుని చూశాను. ఒక మొక్క చిగురు పసుపెక్కి వాడిపోయింది. జానెడు దూరంలో అదే జాతి మొక్క నవనవలాడుతోంది. నాజిల్ తేడా అనుకున్నాను. నాజిల్ తేడా అయితే సాలు పొడవునా చారలాగా, అన్ని రకాల కలుపూ మిగలాలి. ఇక్కడ మిగిలింది ఒకే రకం, అదీ చచ్చినవాటి మధ్య చెదురుమదురుగా. అంటే మందుని తట్టుకునే కలుపన్నమాట.

మళ్ళీ వెళ్ళి అడిగితే డోసు పెంచమన్నాడు. దయచేసి ఆ పని చేయకండి. లేబుల్ దాటితే పంటకే దెబ్బ, ఆ కలుపు మాత్రం చావదు. వేరే చోట దెబ్బకొట్టే గ్రూప్ 14 మందులున్నాయి గానీ, ఫోమెసాఫెన్ లాంటివి లేత మొక్కల మీదే బాగా పనిచేస్తాయి. నాకు విషయం అర్థమయ్యేసరికి కలుపు మోకాలెత్తు దాటింది. ఇక చేత్తో పీకడమే మిగిలింది.

రెండు మందులు కలిపిన డబ్బాలతో ఇంకా జాగ్రత్త. ఇమాజెథాపిర్, ఇమాజామాక్స్ కలిపి అమ్ముతారు, రెండూ గ్రూప్ 2 నే. క్విజాలోఫాప్ కలిపినా అది గడ్డి జాతికే, తోటకూరని ఏమీ చేయదు. లేబుల్ మీద గ్రూప్ నంబర్ లేకపోతే టెక్నికల్ పేరుతో ఫోన్‌లో వెతికి చూసుకోండి. అప్పుడే డబ్బు తీయండి.

వచ్చే పంటకి విత్తగానే పెండిమిథాలిన్ (అది గ్రూప్ 3), తర్వాత సాళ్ళ మధ్య గుంటక తోలాలని అనుకుంటున్నాను. ఇప్పటికే మీ చేలో ఇలా మిగిలి ఉంటే గింజ పట్టకముందే పీకి బయటికి మోసేయండి. తోటకూర జాతిలో బాగా ఎదిగిన ఒక్క మొక్క లక్షకు పైగా గింజలు రాల్చగలదు. గట్టు మీద ఉన్నవాటినీ వదలొద్దు.