నర్సింగ్ ఇంటర్వ్యూకి ఏది మేలు: కోచింగా, యూట్యూబా, వార్డులో పనిచేసే అక్కా?

జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ మా జూనియర్లది ఒకటే ప్రశ్న. "అక్కా, ఇంటర్వ్యూకి పిలిచారు. కోచింగ్‌లో చేరనా, వీడియోలు చూసుకుంటే చాలా?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకసారి రాసి పెడితే నయమనిపించింది. విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు పోస్టుకి వెళ్లేవాళ్ల కోసమే ఇది.

కోచింగ్ సంగతి ముందు తేల్చేద్దాం. మంగళగిరి ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ కావాలంటే నార్‌సెట్ అనే ఎంపిక పరీక్ష రాయాలి. ప్రిలిమ్స్, మెయిన్స్ రెండూ కంప్యూటర్ మీదే, ఇంటర్వ్యూ ఉండదు. జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) కాంట్రాక్టు పోస్టులకూ సాధారణంగా చూసేది మార్కుల మెరిటే. కోచింగ్ వాళ్లు ఎక్కువగా తయారుచేసేది ఇలాంటి రాతపరీక్షలకి. సబ్జెక్టు గట్టిపడుతుంది, కాదనను. కానీ ప్రైవేటులో ఇంటర్వ్యూ చేసే నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ మనకి నాలుగు ఆప్షన్లు ఇవ్వరు కదా! నార్‌సెట్ రాసే ఉద్దేశం ఉంటే చేరండి. వచ్చే వారం ఇంటర్వ్యూ కోసమే అయితే ఆ ఫీజు దండగ.

యూట్యూబ్‌ని మాత్రం తీసిపారేయను. బట్టీ పట్టి తీరాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆసుపత్రి చెత్త ఏ రంగులో వేయాలన్నది అలాంటిదే. సూది తీసేసిన ప్లాస్టిక్ సిరంజి ఎర్ర బ్యాగులోకి, సూదులు తెల్ల డబ్బాలోకి, గాజు వయల్స్ నీలం డబ్బాలోకి, గడువు దాటిన మందులు పసుపులోకి. క్రాష్ కార్ట్‌లో (ఎమర్జెన్సీ ట్రాలీలో) ఉండే మందులు, పేషెంట్ స్పృహ ఎంతుందో కొలిచే గ్లాస్గో కోమా స్కేల్ మార్కులు కూడా అంతే. ఎన్‌ఏబీహెచ్ నాణ్యత గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో ఇవి అడగడం మామూలే. బస్సులో గుంటూరు నుంచి బెజవాడ వచ్చేలోపు ఒక వీడియో అయిపోతుంది, ఖర్చూ లేదు.

వాట్సాప్‌లో తిరిగే వంద ప్రశ్నల పీడీఎఫ్‌ ఒకసారి తిరగేసి వదిలేయండి.

నా ఓటు మాత్రం వార్డులో డ్యూటీ చేస్తున్న సీనియర్‌కే. ఎందుకంటే ఇంటర్వ్యూలో చాలామంది తడబడేది మొదటి ప్రశ్న దగ్గర కాదు, రెండో ప్రశ్న దగ్గర. వీడియో ఆ రెండోది అడగదు. "పేషెంట్ ఉన్నట్టుండి పడిపోయాడు, ఏం చేస్తావు?" అంటే "సీపీఆర్ చేస్తాను మేడమ్" అని అందరూ టకీమని చెప్తారు. సీనియర్ అయితే అక్కడే ఆపుతుంది. "అంతకుముందు?" పిలిచి, భుజం తట్టి చూడాలి. పలకకపోతే సాయానికి కేకేసి కోడ్ బ్లూ (గుండె ఆగిన పేషెంట్ కోసం ఎమర్జెన్సీ టీమ్‌ని పిలిచే ప్రకటన) చెప్పించాలి. పల్స్, శ్వాస పది సెకన్లలోపే చూసెయ్యాలి. అవి లేకపోతేనే ఛాతీ మీద నొక్కడం, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ప్రతి 30 నొక్కులకి 2 శ్వాసలు. "ఒక్కదానివే ఉన్నావు, ఫోన్ దూరంగా ఉంది, అప్పుడు?" ఇలా లాగుతుంటే మనకి ఎంత వచ్చో, ఎంత రాదో ఇంట్లోనే తేలిపోతుంది.

లెక్కలూ అంతే. 500 ఎంఎల్ సెలైన్ నాలుగు గంటల్లో వెళ్లాలి, సెట్టు ఎంఎల్‌కి 20 చుక్కలది. నిమిషానికి సుమారు 42 చుక్కలు అని చెప్పగానే "మైక్రో సెట్ పెడితే?" అంటుంది. అది ఎంఎల్‌కి 60 చుక్కలది, దాంతో చేస్తే 125 వస్తుంది. నోటితో, ఎదుటి మనిషి మొహం చూస్తూ ఆ లెక్క చేయడం వేరు, కాగితం మీద చేయడం వేరు.

ఇంకోటి ఇంగ్లీషు. సూపరింటెండెంట్ కేరళ ఆవిడైతే తెలుగులో నెట్టుకురావడం కుదరదు. అలాగని గ్రామర్ గురించి టెన్షన్ పడక్కర్లేదు. వార్డులో డ్యూటీ మారేటప్పుడు తర్వాతి నర్సుకి హ్యాండోవర్ ఇస్తూ వాడే పొట్టి మాటలే చాలు: పేషెంట్ ఎవరు, ఎందుకు చేరారు, ఇప్పుడు ఎలా ఉన్నారు, ఇంకా ఏం చేయాలి. రోజూ అలా చెప్పే మనిషి దగ్గర కూర్చుంటే ఆ మాటలు వాటంతటవే వస్తాయి.

చిక్కల్లా సీనియర్ దొరకడమే. నైట్ డ్యూటీ దిగిన అక్కని పట్టుకుని ప్రశ్నలు అడగమంటే తిట్లే మిగులుతాయి. వీక్లీ ఆఫ్ రోజు అడగండి, అదీ గంటకి మించి వద్దు. పాఠం చెప్పమని కూర్చోబెట్టకండి, ప్రశ్నలు మాత్రమే వేయమనండి. ఎవరూ తెలియకపోతే హాస్టల్లో రూమ్మేట్ ఉంటుందిగా. పుస్తకం ఆమె చేతిలోనే ఉండాలి, మీరు చెప్పే ప్రతి జవాబు తర్వాత "ఎందుకు?" అనో "తర్వాత?" అనో అడగాలి. నవ్వొచ్చినా ఆపకూడదు.