పుర్రెల సెట్టు: నెల రోజులు క్లాసులో వాడాక

మునుగోడు దగ్గర ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. మానవ పరిణామం పాఠానికి ఇన్నేళ్లూ బోర్డు మీద బొమ్మలే గీశాను. ఈ ఏడాది సొంత డబ్బు 9,200 రూపాయలు పెట్టి ప్లాస్టిక్ పుర్రెల సెట్టు తెప్పించాను. చింపాంజీ, దక్షిణాఫ్రికాలోని స్టెర్క్‌ఫాంటైన్‌లో 1947లో దొరికిన ‘మిసెస్ ప్లెస్’ (ఆస్ట్రలోపితెకస్ అనే తొలి పూర్వీకుల పుర్రె), పాత మానవుల్లో హోమో ఎరెక్టస్, నియాండర్తల్, చివరికి మన పుర్రె. మొత్తం ఐదు.

డబ్బంతా ఒక్క రోజులోనే గిట్టుబాటైంది. పుర్రెలు బోర్లించి, వెన్నుపాము దిగే రంధ్రంలో చీపురుపుల్ల పెట్టమన్నాను. చింపాంజీలో పుల్ల వెనక్కి వాలింది. మనదాంట్లో నిటారుగా నిలబడింది. మిసెస్ ప్లెస్‌లో రంధ్రం చింపాంజీకన్నా బాగా ముందుకు జరిగి ఉంది, అంటే తల నిటారు వెన్నెముక మీద నిలబడే తీరు. మెదడు ఇంకా చిన్నగా ఉండగానే మన పూర్వీకులు రెండు కాళ్ల మీద నడిచారని పిల్లలకు పుల్లే చెప్పింది. నేను నోరు తెరవలేదు.

ఆవాలు పోసి మెదడు పరిమాణం కొలిచినప్పుడు మాత్రం సెట్టు మోసం చేసింది. అసలు మిసెస్ ప్లెస్ పుర్రె పరిమాణం 485 మిల్లీలీటర్లు. మాకు 400 దాటలేదు. ప్లాస్టిక్ మందం లోపలి చోటు తినేసింది. ఆ మాట పెట్టె మీద ఎక్కడా రాయలేదు. మన పుర్రె దవడ స్ప్రింగు కూడా రెండో వారమే ఊడింది.

సెట్టుతో వచ్చిన చార్టు ఇప్పటి మనుషులను మూడు జాతులుగా (రేసులుగా) విడగొట్టింది. దాన్ని క్లాసులో పెట్టలేదు. మనుషుల జన్యు వైవిధ్యంలో దాదాపు 85 శాతం ఒకే జనసమూహం లోపలే ఉంటుందని, సమూహాల మధ్య తేడా కొంచెమేనని జన్యు శాస్త్రవేత్త లెవాంటిన్ 1972లోనే లెక్కకట్టి చూపించాడు. ఇంత పాత తప్పును పిల్లల చేతికి ఎలా ఇస్తారు?

మన పుర్రె తెల్లటి పళ్లు చూసి మర్రిగూడ నుంచి వచ్చే పిల్లవాడు అడిగాడు: “మేడం, మా పళ్ల మీది గోధుమ చారలు కూడా వంశంలో వచ్చేవేనా?” కాదు నాన్నా, చిన్నప్పుడు పంటి పైపొర తయారయ్యే రోజుల్లో తాగిన నీళ్లలోని ఫ్లోరైడ్ అది, అన్నాను. వాడు కాసేపు ఆగి, “అందుకేనేమో, మిషన్ భగీరథ నల్లా నీళ్లు తాగి పెరిగిన మా తమ్ముడికి లేవు” అన్నాడు. జన్యువు వల్ల వచ్చే తేడా ఏది, నీళ్ల వల్ల వచ్చేది ఏది అన్నది ఆ రోజు మిగతా పీరియడంతా నడిచింది.

కొనేవాళ్లు రంధ్రం, కనుబొమల గట్టు, గడ్డం చూపించడానికి కొనండి. పరిమాణం కొలవడానికి వద్దు. దవడ స్ప్రింగు విడిగా దొరుకుతుందేమో ముందే అడగండి. నేను రబ్బరు బ్యాండుతో నెట్టుకొస్తున్నాను.