గుంటూరు కలర్ ల్యాబ్‌లో నా మొదటి ఆల్బమ్

మేనమామ కూతురి ఓణీల ఫంక్షన్ ఫొటోగ్రాఫర్‌గా నా మొదటి ఆర్డర్. ఆల్బమ్ ప్రింటింగ్ గుంటూరులోని ఓ కలర్ ల్యాబ్‌కి ఇచ్చాను. 12×36 అంగుళాల షీట్లు 20. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, ఒక్కోటి 3600×10800 పిక్సెళ్లు. నా ఫైళ్లు అడోబ్ ఆర్‌జీబీ అనే కలర్ ప్రొఫైల్‌లో ఉంటే, ల్యాబ్‌లో వాడే ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్‌కి మార్చుకురమ్మని కౌంటర్‌లో ఉన్న అన్న వెనక్కి పంపాడు. ఆయన చూడకపోతే ఓణీ ఎరుపు వెలిసినట్టు వచ్చేది. మార్చి ఇచ్చాక ప్రింట్‌లో పసుపు రాసిన బుగ్గలు కూడా అచ్చం ఫంక్షన్‌లో ఉన్నట్టే వచ్చాయి!

డెలివరీ రెండు రోజులు ఆలస్యం. అత్తయ్య ఫోన్లతో టెన్షన్ పడ్డాను.

అన్నీ కలిపి 12 వేలకు ఒప్పుకున్నాను, ల్యాబ్ బిల్లే 7,400. అది విని అన్న, "తమ్ముడూ, షూట్, ఎడిటింగ్, ఆల్బమ్ విడివిడిగా రాసి, సగం అడ్వాన్స్ తీసుకో" అన్నాడు. తర్వాతి బారసాలకి అలాగే రాసిచ్చాను. ప్రింటింగ్ మళ్లీ ఇక్కడే.